గాలి కొద్దీ బలం

1764వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన ఇంగ్లండులో సూర్యగ్రహణం పట్టింది. ఆనాడే ఒక గుర్రప్పిల్ల పుట్టింది. దానికి 'ఎక్లిప్స్' అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ మాటకు గ్రహణమని అర్థం. అది పెరిగి పెద్దదై 18 పందాలలో పరుగెత్తింది. ఒక్క పందెంలో కూడా దాన్ని ఏ గుర్రమూ ఓడించలేకపోయింది.

1989లో మిత్సుబిషి అనే జపాను కంపెనీ అమెరికాలో ఒక చిన్న కారును అమ్మకానికి పెట్టి, దానికి ఆ గుర్రం పేరే పెట్టింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊరున్నది. మిత్సుబిషివారూ, అమెరికాకు చెందిన క్రైస్లర్‌వారూ కలిసి అక్కడ 'డైమండ్ స్టార్ మోటార్స్' అనే కర్మాగారం పెట్టారు. ఎక్లిప్సు కారు అందులోనే తయారయింది.

ఇది గొప్ప ఖరీదుగల పందెపు కారేమీ కాదు. పాతబడిన కొద్దీ ఇంకా చవక అయింది. అప్పుడు అమెరికాలో సరదాగల కుర్రవాళ్ళు ఎందరో దాన్ని కొని, కొద్ది డబ్బుతో దాని బలం పెంచటం ఎలాగా అని కుస్తీలు పట్టారు. కొందరికి మంచి చదువు వచ్చింది. కొందరికి ఇంజను పోయింది. ఈ నెల మనం ఆ రెండు రకాలవాళ్ళనూ చూసి నేర్చుకుందాం. మీలో ఎవరికీ ఇంకా కారు నడిపే వయసు రాలేదు. అయినా మంచిదే. ఈ సంగతి పానా పట్టుకోక ముందు తెలుసుకోవలసినదే గాని, తరవాత తెలుసుకోవలసినది కాదు.

గుర్రాలు ఎక్కడినుంచి వచ్చాయి?

యంత్రాల బలాన్ని అశ్వశక్తితో కొలుస్తారని మీరు చదువుకునే ఉంటారు. ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్, తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్ళకు తెలియజెప్పటానికి ఈ కొలత పెట్టాడు. సుమారు 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే అది ఒక అశ్వశక్తి.

1990 నాటి ఎక్లిప్సులో రెండు లీటర్ల ఇంజను రెండు రకాలుగా దొరికేది. ఒకదాని బలం 135 అశ్వశక్తి, రెండవదాని బలం 195. రెండింటికీ నాలుగేసి సిలిండర్లే. వాటిలో ఉండే చోటూ ఒకటే. మరి ఎక్కువైన ఆ 60 గుర్రాలూ ఎక్కడినుంచి వచ్చాయి?

గాలిలోనుంచి వచ్చాయి.

పెట్రోలు వల్లనే కారు నడుస్తుందని మనం అనుకుంటాం. అది సగం నిజం. గాలి లేనిదే పెట్రోలు మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇంకొక విధంగా చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. రెండు మీటర్ల పొడవూ, రెండు మీటర్ల వెడల్పూ, రెండుంబావు మీటర్ల ఎత్తూ గల చిన్న గది ఒకటి ఊహించుకోండి. ఒక్క లీటరు పెట్రోలు ఆ గదిలోని గాలినంతా మింగేస్తుంది!

ఇంజనులోకి పెట్రోలును ఎక్కువగా పంపటం చాలా తేలిక. కష్టమల్లా గాలిని ఎక్కువగా పంపటమే. కమ్మరి కొలిమి చూశారు కదా? బొగ్గులు ఎన్ని పోసినా నిప్పు రాజుకోదు. తిత్తి ఊదితేనే భగ్గుమంటుంది. 195 అశ్వశక్తిగల ఎక్లిప్సుకు అలాంటి తిత్తి ఒకటి ఉన్నది. దాని పేరు టర్బో.

పొగ ఊదే తిత్తి

టర్బోలో రెండు చిన్న చక్రాలుంటాయి. రెండూ ఒకే ఇరుసుకు రెండు చివర్లా ఉంటాయి. ఇంజనులోనుంచి వేడివేడిగా, వేగంగా బయటికి పోయే పొగ మొదటి చక్రాన్ని తిప్పుతుంది. అది తిరిగితే రెండవ చక్రమూ తిరుగుతుంది. ఈ రెండవ చక్రం బయటి గాలిని లోపలికి లాగి, అదిమి, సిలిండర్లలోకి తోస్తుంది. ఊరికే పోయే పొగ చేతనే తిత్తి ఊదించటమన్నమాట! ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి.

స్విట్జర్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ అనే ఇంజనీరు 1905లోనే ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ అనే కొండ మీదికి తీసుకుపోయి పరీక్ష చేశాడు. 1962లో అమెరికాలోనే రెండు రకాల కార్లు టర్బోతో బజారులోకి వచ్చాయి. నేడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో కూడా చాలావాటికి టర్బో ఉంటున్నది.

మన చుట్టూ ఉన్న గాలి, సముద్రమట్టం వద్ద, ప్రతి చదరపు అంగుళం మీదా 14.7 పౌండ్ల బరువుతో అదుముతున్నది. ఎక్లిప్సు టర్బో దానికి పైన ఇంకో 11 పౌండ్ల ఒత్తిడి కలుపుతుంది. రెండూ కలిస్తే 25.7. దాన్ని 14.7తో భాగించండి. ఒకటి ముప్పాతిక వస్తుంది. అంటే ఒక సిలిండరులో ఒకటి ముప్పాతిక సిలిండర్ల గాలి కూరినట్టు.

ఈ ఒత్తిడి హద్దు మీరకుండా కాచేది ఏది? చెరువు నిండితే అలుగు పారుతుంది, కట్ట తెగకుండా ఉంటుంది. టర్బోకు కూడా అలాంటి అలుగు ఉన్నది. దాని తలుపుకు ఒక స్ప్రింగు, ఒక పలచని పొర ఉంటాయి. అదిమిన గాలి ఒక సన్నని గొట్టం ద్వారా వచ్చి ఆ పొరను తోస్తుంది. ఒత్తిడి హద్దుకు రాగానే పొర స్ప్రింగును నెట్టి తలుపు తెరుస్తుంది. అప్పుడు కొంత పొగ, చక్రాన్ని తాకకుండా, పక్కదారిన బయటికి పోతుంది.

ఇద్దరు అన్నదమ్ములు

ఇప్పుడు నార్మల్ ఊళ్ళోనే ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. ఇద్దరూ చెరొక పాత టర్బో ఎక్లిప్సు కొన్నారు. చెరొక వెయ్యి డాలర్లు మిగుల్చుకున్నారు. ఇద్దరికీ ఒకటే కోరిక, కారు బలం పెరగాలని. ఇది మనం కల్పించుకున్న కథే గాని, ఇటువంటివి అక్కడ ఎన్నో జరిగాయి.

అన్నకు తొందర ఎక్కువ. అలుగు తెరిచే సన్నని గొట్టం సంగతి అతనికి తెలిసింది. ఆ గొట్టానికి చిన్న రంధ్రం చేస్తే కొంత గాలి బయటికి పోతుంది. పొరకు అసలు ఒత్తిడి తెలియదు. 18 పౌండ్లు ఉన్నా 11 పౌండ్లే ఉన్నాయని మోసపోతుంది. అలుగు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఇందుకు పెద్ద సామానేమీ అక్కరలేదు. చేపలు పెంచే గాజు తొట్టెలో గాలి బుడగలు వదలటానికి వాడే చిన్న మర ఒకటి చాలు. నిజంగానే చాలామంది కుర్రవాళ్ళు ఆ మరనే వాడారు!

అన్న ఆ మర బిగించి, తిప్పాడు. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది. ఖర్చు నాలుగైదు డాలర్లు! అతని ఆనందానికి హద్దు లేదు. రోజూ కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాడు.

తమ్ముడు నెల రోజులపాటు ఏ మరా తిప్పలేదు. ఉన్న కారును ఉన్నట్టు బాగుచెయ్యటంతోనే సరిపోయింది అతనికి. చూసినవాళ్ళు నవ్వారు. అతను ఏమేం చేశాడో వరసగా చెబుతాను, వినండి.

మొదట అతను టైమింగ్ బెల్టు మార్చాడు. ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే తాళానికి ఆడించేది పళ్ళుగల ఒక రబ్బరు బెల్టు. ఎక్లిప్సు ఇంజనులో ఆ బెల్టు తెగిందంటే పిస్టన్లు పోయి తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగిపోతాయి. పాత కారు కొన్నవాడు ఆ బెల్టు ఎప్పుడు మార్చారో తెలుసుకోకుండా బలం మాట ఎత్తకూడదు.

రెండవది, గాలి ఎక్కడన్నా కారుతున్నదా అని చూశాడు. పంక్చరు వేసే అతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తాడు కదా? ఇదీ అలాంటిదే. టర్బో మూతికి ఒక ప్లాస్టిక్ మూత బిగించి, ఆ మూతకు చక్రపు ట్యూబు వాల్వు పెట్టి, పంపుతో గాలి కొట్టాడు. గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్ళు రాశాడు. రెండు చోట్ల బుడగలు లేచాయి. పాతబడిన రబ్బరు గొట్టం ఒకటి మార్చి, పట్టీలు బిగించాడు.

ఈ కారుటకు ఇంత పట్టింపు ఎందుకు? ఏటిలో ఒక స్తంభం నిలబెడితే దాని వెనక సుడులు ఒకటి అటూ, ఒకటి ఇటూ పుడుతూ ఉంటాయి. నీటి వేగం పెరిగినకొద్దీ సుడులూ ఎక్కువ అవుతాయి. ఎక్లిప్సు లోపలికి పోయే గాలిని ఇలా సుడులు లెక్కపెట్టే కొలుస్తారు. ఆ లెక్క ప్రకారం ఎంత పెట్రోలు పొయ్యాలో కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది. గాలిని లెక్కపెట్టింది టర్బోకు ముందు. అది కారిపోయింది టర్బో తరవాత. అప్పుడు లేని గాలికి కూడా పెట్రోలు పోస్తుంది కంప్యూటరు. పెట్రోలు దండగ, నల్లని పొగ, పైగా కారిన గాలిని పూడ్చటానికి టర్బోకు అదనపు శ్రమ. రెండు పట్టీలు బిగించేసరికే తమ్ముడి కారు ఎంతో చురుకైంది. అది కొత్త బలం కాదు, పోయిన బలమే తిరిగి వచ్చింది.

మూడవది, కొలతలు. ఎక్లిప్సులో డ్రైవరు ఎదుట ఒత్తిడి చూపే ముల్లు ఒకటి ఉన్నది. కాని అది నిజంగా గొట్టంలోని ఒత్తిడిని కొలిచేది కాదు. కంప్యూటరు లెక్క కట్టి చూపే అంచనా. తమ్ముడు నిజమైన ఒత్తిడి కొలిచే సాధనం ఒకటి తగిలించాడు. కంప్యూటరు లోపల ఏమి రాసుకుంటున్నదో చదివే పరికరం కూడా ఒకటి కొన్నాడు. అతని డబ్బులో పెద్ద భాగం వీటికే పోయింది. వీటివల్ల ఒక్క గుర్రం కూడా పెరగలేదు! అయినా అన్నిటికంటె తెలివైన ఖర్చు ఇదే. ఎందుకో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

నాలుగవది, దారిలోని అడ్డు తీశాడు. కాలవ ఎంత వెడల్పున్నా, ఇరుకైన తూములోనుంచి ఎంత నీరు పోతుందో అంతే పొలానికి అందుతుంది. పొగ బయటికి పోయే గొట్టం సన్నగా ఉంటే ఇంజనుకు ఊపిరాడదు. రెండంగుళాల గొట్టానికి బదులు మూడంగుళాల గొట్టం వేస్తే దారి ఎంత పెరుగుతుంది? ఒకటిన్నర రెట్లు అనకండి. వృత్తపు వైశాల్యం అడ్డుకొలతకు వర్గంగా పెరుగుతుంది. రెండు రెళ్ళు నాలుగు, మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిదిని నాలుగుతో భాగిస్తే రెండుంబావు రెట్లు! అయితే పొగలోని విషవాయువులను మార్చే పెట్టెను మాత్రం అతను తీసివెయ్యలేదు. దాన్ని తియ్యటానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా తియ్యరాదు. మన సరదా కోసం వీధిలోని వాళ్ళ ఊపిరి చెడగొట్టకూడదు.

అయిదవది, పాత పెట్రోలు పంపు తీసి కొత్తది పెట్టాడు. గాలి ఒత్తిడి పెరిగినకొద్దీ పెట్రోలును దానికి ఎదురుగా తొయ్యాలి. ముసలి పంపుకు ఆ శక్తి ఉండదు. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. అన్న కారుకు జరిగింది అదే.

టకటక చప్పుడు

సైకిలు పంపుతో గాలి కొట్టి, వెంటనే పంపు అడుగు భాగం ముట్టుకోండి. వెచ్చగా ఉంటుంది. గాలిని అదిమితే వేడెక్కుతుంది. ఎండాకాలంలో 30 డిగ్రీల గాలిని టర్బో 15 పౌండ్ల ఒత్తిడికి అదిమిందంటే, దాని వేడి 120 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు మరిగే వేడి 100 డిగ్రీలే కదా! అందుచేత ఆ గాలిని ఒక చల్లబరిచే పెట్టె గుండా పంపి, ఆ తరవాతే సిలిండరులోకి వదులుతారు. ఒత్తిడి మరీ పెంచితే ఆ పెట్టె శక్తి చాలదు.

మామూలుగా సిలిండరులో మంట ప్లగ్గు వద్ద పుట్టి, ఎండుగడ్డి ఒక కొసన అంటుకున్నట్టు, వరసగా పాకుతుంది. గాలి మరీ వేడిగా, మరీ ఒత్తుగా ఉంటే, లేక పెట్రోలు తక్కువైతే, మంట వచ్చేదాకా ఆగకుండా మిగిలిన మిశ్రమమంతా ఒక్కసారిగా పేలుతుంది. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు టకటకమని చప్పుడవుతుంది. దీన్ని నాకింగ్ అంటారు.

పిస్టన్లను అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. సిలిండరులోని మంట 2,000 డిగ్రీలు దాటి ఉంటుంది! అయినా పిస్టను ఎందుకు కరగదు? దాన్ని అంటిపెట్టుకుని పలచని వాయువు పొర ఒకటి కదలకుండా దుప్పటిలాగా ఉంటుంది. మంట క్షణంలో అయిపోతుంది. వేడి నూనెకూ, నీటికీ పోతుంది. నాకింగ్ వచ్చినప్పుడు పేలుడు తాకిడికి ఆ పొర చెదిరిపోతుంది. పిస్టను మంటకు నేరుగా దొరికిపోతుంది.

అందుకే ఇంజను తయారుచేసినవారు ముందుజాగ్రత్తలు తీసుకున్నారు. టర్బో లేని ఇంజనులో మిశ్రమాన్ని తొమ్మిదో వంతుకు అదిమితే, టర్బో ఉన్నదానిలో 7.8వ వంతుకే అదిమేలాగు చేశారు. ఇంజనుకు ఒక చెవి కూడా పెట్టారు. నాకింగ్ వినగానే కంప్యూటరు మంట పెట్టే వేళను కొంచెం వెనక్కు జరిపి, ఇంజనును కాపాడుతుంది. ఇంకా హద్దు మీరి గాలి వస్తున్నట్టు లెక్క తేలితే, పెట్రోలు పూర్తిగా ఆపి, "ఇక చాలు!" అంటుంది.

తమ్ముడు కొన్న పరికరం ఈ మాటలే చదివి చెబుతుంది. అతను మర తిప్పింది అన్నిటికన్నా ఆఖరున. అర పౌండు పెంచటం, పరికరం చూడటం, ఇంజను నాకింగ్ విన్నట్టు కనిపిస్తే వెనక్కు తగ్గటం, ఈ విధంగా 15 పౌండ్ల దగ్గర ఆగాడు. లెక్క చూడండి. 14.7, 15 కలిస్తే 29.7. దాన్ని పాత 25.7తో భాగిస్తే సుమారు 1.15. కాగితం మీద బలం కూడా అంతే పెరిగి, 195 కాస్తా 225 దాకా రావాలి. నిజంగా అంతా రాదు. గాలి వేడెక్కి కొంత పోతుంది. అయితే పొగగొట్టం వెడల్పయినందువల్ల కొంత తిరిగి వస్తుంది.

మరి అన్న? అతని దగ్గర కొలత లేదు. ఇంజనుకు చెవి ఉన్నా, అది విన్నది అతనికి చెప్పేవాళ్ళు లేరు. పంపు పాతది. ఒకనాడు మంచి ఎండలో, పెద్ద రోడ్డు మీద, చాలాసేపు కారును పూర్తి బలంతో తోలాడు. టకటక చప్పుడు వచ్చే ఉంటుంది, గాలి హోరులో వినపడలేదు. తరవాత తెల్లని పొగ లేచింది. ఇంజను విప్పి చూస్తే ఒక పిస్టను అంచు కొవ్వొత్తిలాగా కరిగి ఉన్నది. నాలుగు డాలర్ల మర అతని వెయ్యి డాలర్లూ మింగి, ఇంకా అప్పు పెట్టింది.

మర చెడ్డది కాదు, పిల్లలూ. తమ్ముడు వాడిందీ అటువంటిదే. తేడా అల్లా వరసలో ఉన్నది. అన్న మొదట చేసిన పని, తమ్ముడు చివర చేశాడు.

రెండుంబావు లెక్క

తమ్ముడు ఇంకొక పని కూడా చేశాడు. మర తిప్పక ముందే బ్రేకులూ, టైర్లూ మార్చాడు. ఇందాక పొగగొట్టం దగ్గర వచ్చిన రెండుంబావు లెక్క జ్ఞాపకమున్నదా? అదే లెక్క ఇక్కడ మళ్ళీ వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 120 కిలోమీటర్ల వేగం అందుకుంటే, వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. కాని దాన్ని ఆపటానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెండుంబావు రెట్లు అవుతుంది. గొట్టానికి మేలుచేసిన వర్గమే బ్రేకుల మీద భారం పెడుతుంది. ఇంజను పోతే డబ్బు పోతుంది. బ్రేకు చాలకపోతే, రోడ్డు దాటుతున్న ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. అందుచేత వేగం చూడాలని ఉన్నవాళ్ళు అందుకని ప్రత్యేకంగా ఉన్న పందెపు దారుల మీదనే చూడాలి.

ఇంకొక సంగతి. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉన్నది. తయారుచేసినవారు చెప్పిన వివరాలకూ, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకూ తేడా వచ్చేలాగు బండిని మార్చటానికి అది ఒప్పుకోదు. పెద్దయ్యాక మీకు బండి మార్చాలని బుద్ధి పుడితే, మొదట ఆ కాగితం తీసి చదవండి.

ఎక్లిప్సులోని ఇంజను నిజంగా గట్టిది. దాన్ని '4జి63' అనేవారు. ఆ వంశపు ఇంజనే మిత్సుబిషివారి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలోనూ ఉండేది. ఫిన్లండుకు చెందిన టోమీ మాకినెన్ ఆ కార్లు తోలి 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగేళ్ళు ప్రపంచ ర్యాలీ విజేత అయ్యాడు. అంతటి ఇంజను కూడా లెక్క తెలియనివాడి చేతిలో కరిగిపోయింది. లెక్క తెలిసినవాడి చేతిలో, పాతబడి కూడా, చక్కగా పరుగెత్తింది.

ఎక్లిప్సు ఇప్పుడు తయారు కావటం లేదు. నార్మల్‌లోని కర్మాగారాన్ని మిత్సుబిషివారు 2015లో మూసివేశారు. 2017లో రివియన్ అనే కంపెనీ దాన్ని కొన్నది. ఇప్పుడు అక్కడ విద్యుత్తుతో నడిచే బండ్లు తయారవుతున్నాయి. వాటికి గాలీ అక్కరలేదు, పొగా లేదు, టర్బో అంతకన్నా లేదు. అయినా తమ్ముడు పాటించిన వరస వాటికీ చెల్లుతుంది. ఉన్నదాన్ని బాగుచెయ్యి, కొలిచి చూడు, అడ్డు తియ్యి, ఆపే శక్తి సంపాదించు, ఆ తరవాతే బలం పెంచు. ఇది కార్ల సంగతి మాత్రమేనా? చదువుకూ, వ్యాయామానికీ, వ్యాపారానికీ కూడా ఇదే వరస అని నాకు తోస్తుంది. మీరేమంటారు?

ఈ నెల ఆలోచించండి

1. సన్నని గొట్టంతో ఒకసారీ, దానికి రెండింతల అడ్డుకొలతగల గొట్టంతో ఒకసారీ గ్లాసెడు నీళ్ళు పీల్చండి. రెండవ గొట్టపు దారి మొదటిదానికన్నా ఎన్ని రెట్లు పెద్దది?

2. ఒక టర్బో మామూలు గాలికి పైన 7.35 పౌండ్ల ఒత్తిడి కలుపుతుంది. వేడి సంగతి వదిలేస్తే, సిలిండరులో మామూలుకన్నా ఎన్ని రెట్ల గాలి పడుతుంది?

3. టర్బోను పరీక్షించటానికి శాన్‌ఫర్డ్ మాస్ ఇంజనును కొండ మీదికే ఎందుకు మోసుకుపోయాడు? కొండ మీద గాలి ఎలా ఉంటుందో ఆలోచిస్తే జవాబు మీకే తడుతుంది.